పదో మెట్టు

దేశంలోకెల్లా ధనవంతుల్లో నేనూ ఒకదాన్నని తెలిసేసరికి బస్టాండు పక్క సూపు హోటల్లో అంట్లు తోముతున్నాను.

అది జనవరి. బడికి చలికాలపు సెలవులు. ఏడాది పొడుగునా ఆరొందల మంది పిల్లలకి వండి పెట్టే మాకు సెలవుల్లో జీతం ఉండదు. పిల్లలు ఇళ్ళకి పోగానే మా ఆకళ్ళు కూడా వాళ్ళ వెనకే పోతాయని ప్రభుత్వం వారి నమ్మకం కాబోలు. అందుకని ఆ రెండు నెలలూ ఎవరు పిలిస్తే వాళ్ళ అంట్లు తోముతాను.

ఫోను మోగింది. రబ్బరు గ్లౌజు పళ్ళతో లాగి తీశాను. మా అమ్మాయి దసోల్.

"అమ్మా, కూర్చుని ఉన్నావా?"

"అంట్ల దగ్గర సింహాసనం వేస్తారేంటే? చెప్పు."

"చదువు సాయం సంగతి తేలింది. మనది పదో మెట్టట."

"పదంటే మంచిదా?"

"పదంటే మన పైన ఇంకెవరూ లేరని."

పిల్లల చదువుకి సాయం అడిగిన ప్రతి ఇంటినీ ప్రభుత్వం పది మెట్లలో ఏదో ఒకదాని మీద నిలబెడుతుంది. అన్నిటికంటే కింది మెట్టు మీద రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ళు, పదో మెట్టు మీద రాజధాని సియోల్ నగరంలో మేడలున్న వాళ్ళు. కిందికి పోయేకొద్దీ సాయం ఎక్కువ, పదో మెట్టుకి గుండు సున్నా. మా ఆయన పల్లెలు తిరిగే బస్సుకి డ్రైవరు. నేను బడి వంటమనిషిని. ఉండేది అద్దె ఇల్లు. అలాంటి మమ్మల్ని తీసుకెళ్ళి పదో మెట్టు మీద కూర్చోబెట్టారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతిలో ఉన్న గిన్నెని మాత్రం అవసరమైన దానికంటే గట్టిగా తోమాను.

దసోల్‌కి డిసెంబరులో పశువైద్యం కోర్సులో సీటొచ్చింది. ఆరేళ్ళ చదువు. మా ఊళ్ళో మగపిల్లలకి కూడా ఆ సీటు ఇంతవరకూ రాలేదు. ఒక్క టర్ము ఫీజు నా రెండున్నర నెలల జీతం. ఫిబ్రవరి పదో తారీకులోగా మొదటి టర్ముది కట్టకపోతే సీటు వెనకున్న వాళ్ళకి పోతుంది. కిందా మీదా పడి ఒక టర్ముకి తెస్తాం, పన్నెండు టర్ములకి ఎక్కణ్ణించి తెస్తాం? సాయం వస్తుందన్న ధీమాతోనే ఆ పిల్ల ఆ కోర్సుకి దరఖాస్తు పెట్టింది. ఆ ధీమా ఇచ్చింది నేనే. 'మనకి రాకపోతే ఇంకెవరికొస్తుందే' అన్నాను.

కంప్యూటరుకి కూడా ఒకరోజు తిక్క పుడుతుంది, ఎక్కడో పొరపాటు పడి ఉంటుందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే సహాయ కేంద్రానికి ఫోను చేశాను. అరగంట సేపు సంగీతం వినిపించాక ఒక పిల్ల తేనె పూసిన గొంతుతో పలికింది.

"కస్టమరు గారూ, మీ భర్త ప్యో జున్సొప్ గారి పేరున అటవీ భూమి ఉందండి. పన్నెండెకరాలు."

"అడవా? మా ఆయన పేరున పూలకుండీ కూడా లేదమ్మా. ఇంకో జున్సొప్ అయి ఉంటాడు, చూడు."

ఆ పిల్ల ఊరి పేరు చదివింది. సర్వే నంబరు చదివింది. అప్పుడు నాకు వెలిగింది. తాబేలు కొండ!

తాబేలు కొండ మీద ప్యో వంశంలో పదకొండు తరాల వాళ్ళ సమాధులున్నాయి. కొండ వంశం అందరిదీ. కానీ రిజిస్టరు ఆఫీసులో వంశం వచ్చి సంతకం పెట్టదు కదా, ఎవరో ఒక మనిషి పేరుండాలి. అందుకని పెద్దింటి పెద్దకొడుకు పేరున పెట్టడం వీళ్ళ ఆనవాయితీ. ఏడేళ్ళ కిందట మా మామగారు పోయాక ఆ పేరు మా ఆయన మీద పడింది. పన్ను కాగితం ఏటా మా ఇంటికే వచ్చేది. మా ఆయన దాన్ని విప్పకుండా తీసుకెళ్ళి వంశం కమిటీకి ఇచ్చేవారు, వాళ్ళు కట్టేవాళ్ళు. అందులో అంకె ఎంతుందో నేను ఎన్నడూ చూడలేదు. చూసే హక్కుందని కూడా నాకు తోచలేదు. ఆ కొండ మీద ఒక చెస్ట్‌నట్ కాయ ఏరుకోవాలన్నా కమిటీ పెద్దకి చెప్పి ఏరుకోవాలి. మా వాటాకి వచ్చేదల్లా చాకిరీ. శరత్కాలంలో మా ఆయన సమాధుల మీద గడ్డి కోస్తారు. పెద్దింటి కోడలిని కాబట్టి నేను ఏడాదికి ఐదుసార్లు నలభై మంది మగవాళ్ళకి వండి వడ్డిస్తాను. రెండేళ్ళ కిందట ఆ కొండ పక్కనుంచి హైవే దారి వేశారు, దాని వెంట గిడ్డంగులు లేచాయి. సమాధులున్న కొండకి బంగారం ధర వచ్చింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అది మా బతుకే.

"వంశం ఉమ్మడి ఆస్తయితే మీ లెక్కలోంచి తీసేస్తారండి," అంది ఆ పిల్ల. "వంశం నియమావళి, సభ్యుల జాబితా, ఈ భూమి వంశానిదేనని చేసిన తీర్మానం, దాని మీద వంశం ముద్ర. నెలాఖరులోగా పంపాలి."

"అంతేనా?"

"అంతేనండి, కస్టమరు గారూ."

అంతే కదా అనుకున్నాను. కొండ వాళ్ళది. వాళ్ళదని వాళ్ళే రాసివ్వాలి. దీనికి కాదనేవాళ్ళుంటారా? ఇరవై రెండేళ్ళు ఆ ఇంటి కోడలిగా ఉండి కూడా నేనంత అమాయకంగా అనుకున్నానంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

వంశం కమిటీ పెద్ద ప్యో హక్సు గారు. మా మామగారికి వరసకు తమ్ముడు, నాకు చినమామగారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, హెడ్మాస్టరు చేసి దిగారు. పియర్ పళ్ళ పెట్టె పట్టుకుని నేనూ మా ఆయనా ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాం. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. దారంతా "నువ్వే చెప్పు, నువ్వే చెప్పు" అంటూ వచ్చారు. సరే, నేనే చెప్పాను. చినమామగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"పెద్దింటి కోడలా, ముందు బార్లీ టీ తాగు."

"తాగుతానండి. ముద్ర వేస్తారా?"

"ముద్రంటే చిలగడదుంప అనుకున్నావా, అడిగినవాళ్ళకల్లా ఒకటి తీసి చేతిలో పెట్టడానికి? మూడొందల ఏళ్ళుగా నోటిమాట మీద నడుస్తున్న కొండ అది. కాగితాల్లోకి ఎక్కిస్తే ప్రతి ఆఫీసువాడి కన్నూ పడుతుంది. ఒక ఆడపిల్ల ఫీజు కోసం అంత పని చెయ్యమంటావా?"

"ఆ ఆడపిల్ల మీ మనవరాలేనండి."

"కాదన్నానా? కానీ రేపు పెళ్ళయితే వేరే ఇంటి మనిషి. అయినా ఆవులకి సూదులు గుచ్చడానికి ఆరేళ్ళ చదువెందుకమ్మా? రెండేళ్ళ కోర్సేదైనా చూడు. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడన్నట్టు ఇంట్లోకి నాలుగు డబ్బులొస్తాయి."

"కిందటేడు మీ సొంత మనవడు కాలేజీలో చేరితే వంశం నిధిలోంచి ఫీజు కట్టారు కదండీ."

"అది వేరు. నిధి మగపిల్లలకేనని నియమావళిలో స్పష్టంగా రాసుంది."

"మరి ఇప్పుడే కదండీ, అంతా నోటిమాట మీద నడుస్తోందన్నారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నావైపు చూడనే లేదు.

"జున్సొప్, నీ భార్యకి ఒంట్లో బాగున్నట్టు లేదు. ఇంటికి తీసుకుపో," అన్నారు.

బయటికి వచ్చేటప్పుడు మా ఆయన చేతిలో ఒక తెల్ల కవరు పెట్టారు. మూడు లక్షల వన్లు. మా ఫీజులో పదో వంతు కూడా కాదు. మా ఆయన నడుం వంచి రెండు చేతులతో పుచ్చుకున్నారు, పెద్దలిస్తే అలాగే పుచ్చుకోవాలని చిన్నప్పుడు నేర్పారు మరి. వీధి మలుపు తిరిగాక నేను ఆ కవరు లాక్కుని వెనక్కి వెళ్ళి, గడప దగ్గరున్న చినమామగారి బూటులో దోపి వచ్చాను. మా ఆయన అక్కడే నిలబడి ఎదురు చూశారు.

మూడోరోజు దసోల్ ఆకుపచ్చగా మెరిసే చొక్కా ఒకటి చేత్తో పట్టుకుని ఇంటికొచ్చింది. వీపు మీద నంబరు.

"హైవే పక్క గిడ్డంగిలో చేరానమ్మా. పార్సిళ్ళు వేరు చేసే పని. ఒక ఏడాది చేసి డబ్బు కూడబెట్టుకుని మళ్ళీ పరీక్ష రాస్తాను."

"మళ్ళీ సీటొస్తుందని ఎక్కడ రాసుందే?"

"రాకపోతే ఇంకోటి చదువుతా. పశువులకేం, నేను కాకపోతే ఇంకో డాక్టరు దొరుకుతారు."

రేపు మంచు కురుస్తుందేమో అన్నంత మామూలుగా అంది. ఆ పిల్ల ఏడిచి గోల చేస్తే నాకు కొంచెం బాగుండేది. చిన్నప్పుడు ఎదురింటి వాళ్ళ దూడకి కడుపు ఉబ్బితే రెండు పూటలు బడి మానేసి కొట్టంలో కూర్చున్న పిల్ల. ఏ గిడ్డంగుల వల్ల కొండ ధర పెరిగి తన సాయం పోయిందో, ఆ గిడ్డంగిలోనే పార్సిళ్ళు మొయ్యడానికి పోతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆయనతో అన్నాను.

"దసోల్ నాన్నా, కొండ అమ్మేద్దాం."

ఆయన చెంచా గాల్లో ఆగింది. "ఏం మాటలవి?"

"కాగితం మీద మీదే కదా. సాక్షాత్తూ ప్రభుత్వమే చెప్తోంది, మనం ధనవంతులమని. ప్రభుత్వం అబద్ధమాడుతుందా?"

"తాతముత్తాతలు పడుకున్న చోటది."

"పడుకున్నవాళ్ళు లేచొచ్చి ఫీజు కడతారా? కట్టరు. పోనీ వాళ్ళ పేరు చెప్పుకుని తిరిగేవాళ్ళు ఒక్క ముద్ర కొడతారా? అదీ కొట్టరు. మీ పేరు మాత్రం వాళ్ళకి కావాలి. నా వంట కావాలి. నా కూతురు చదువు మాత్రం వాళ్ళకి వేరే ఇంటి సంగతి!"

"అరవకు. పక్కవాళ్ళు వింటారు."

"విననీండి. ఏడేళ్ళుగా మీరు మోస్తున్నది కొండ, మనిషన్నవాడు అంత బరువు మోస్తూ ఒక్కసారైనా మూలగడా?"

ఆయన చెంచా తిరిగి సూపులో పెట్టారు. "వంశం ఆస్తి అమ్మితే జైల్లో వేస్తారు, దసోల్ అమ్మా," అన్నారు.

ఆయన భయంతో అన్న మాట అది. నాకు మాత్రం అందులో ఏదో ఉందనిపించింది. అంట్లు తోముతూ ఆ సాయంత్రమంతా దాన్నే అటూ ఇటూ తిప్పి చూశాను.

మా దగ్గర ఏ శుభం జరిగినా నాలుగు రోడ్ల కూడలిలో గుడ్డ బానరు కడతారు. చినమామగారి మనవడికి సీటొచ్చినప్పుడు వంశం పేరు పెట్టి కట్టిన బానరు వానకి రంగు వెలిసేదాకా ఊగింది. దసోల్‌కి జేబురుమాలంత గుడ్డ కూడా కట్టలేదు. నేను బానర్ల షాపుకి వెళ్ళాను.

"ఏం రాయమంటారక్కా? పాపకి అభినందనలా?" అన్నాడు షాపతను.

"రాయి. అమ్మబడును. తాబేలు కొండ, పన్నెండెకరాలు, హైవే పక్కన. కింద నా ఫోను నంబరు."

అతను తలెత్తి చూశాడు. "సమాధులతో సహానా?"

"సమాధులు ఉచితమని రాయి."

పకపకా నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. "ఆ ముక్క వద్దులే," అన్నాను. "మిగతాది ఎర్ర అక్షరాల్లో వెయ్యి."

వంశం వార్షిక సమావేశం ఏటా జనవరి మూడో శనివారం. కొండ కింద పెంకుటి కప్పు పూజామందిరం ఉంది, అక్కడ జరుగుతుంది. మధ్యాహ్నం భోజనం పెద్దింటి కోడలి బాధ్యత. తెల్లారకముందే వెళ్ళి, పెద్ద గుండిగలో ముల్లంగీ గొడ్డుమాంసం సూపు పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, బానరు చంకన పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చాను. ఒక కొస కరెంటు స్తంభానికి కట్టాను. రెండో కొస కట్టబోతే గాలి లాగేసుకుంది. గట్టు పక్కన దాని వెనక పరుగెడుతుంటే మా ఆయన తోలుతున్న అద్దె ట్రక్కు వచ్చి ఆగింది, సమావేశానికి కుర్చీలు తెచ్చారు.

దిగి నిలబడి బానరు చదివారు. రెండోసారి కూడా చదివారు.

"చూస్తూ నిలబడకండి," అన్నాను. "కట్టండి, లేదంటే చింపండి. ఏదో ఒకటి చెయ్యండి."

ఆయన కొండవైపు ఒకసారి చూశారు. వాళ్ళ నాన్న సమాధి అక్కణ్ణించి కనిపిస్తుంది. తర్వాత గాలికి కొట్టుకుంటున్న తాడు కొస పట్టుకుని గట్టెక్కి, పైన్ చెట్టుకి రెండు చుట్లు తిప్పి ముడివేసి, చేత్తో లాగి చూశారు.

"వంకరగా ఉంది," అన్నారు. "నీ వైపుది జానెడు పైకి కట్టు."

పదిగంటలకి కార్లు రావడం మొదలైంది. చినమామగారి కారు బానరు ముందు ఆగింది, చాలాసేపు కదల్లేదు. తర్వాత ఆయన పూజ అంగీ ఎత్తి పట్టుకుని నడుచుకుంటూ వాకిట్లోకి వచ్చారు. వెనకాల ముప్పై మంది పైగా మగవాళ్ళు.

"ఎవరు కట్టారది?"

"ఒక వైపు నేను కట్టానండి. రెండో వైపు మీ పెద్దింటి వారసుడు కట్టాడు."

"బుద్ధుందా మీకు! వంశం ఆస్తి అది! అమ్మితే ఇద్దర్నీ జైలుకి పంపిస్తాను!"

"పంపండి, చినమామగారూ. కానీ పోలీసులు మొట్టమొదట ఏమడుగుతారో తెలుసా? వంశం ఆస్తనడానికి కాగితం ఏదీ అంటారు. రిజిస్టరులో చూస్తే మా ఆయన పేరుంది. మీ దగ్గరేముంది, నోటిమాటా?"

ఆయన ఎత్తి పట్టుకున్న అంగీ కొస వదిలేశారు.

"నియమావళి, సభ్యుల జాబితా, తీర్మానం, ముద్ర. ఈ నాలుగూ ఉంటే చాలు, నిక్షేపంగా నన్ను జైల్లో పెట్టించొచ్చు. రాయడానికి తెల్లకాగితాలు నేనే తెచ్చాను. ఇమ్మంటారా?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కొండ వంశానిదని రాస్తే నా కూతురు గెలుస్తుంది. రాయకపోతే కొండ మా ఆయనది, అమ్ముకోవచ్చు. మూడొందల ఏళ్ళ నోటిమాట ఆయన నోట్లోనే ఇరుక్కుంది. అయినా ఆయన మొండికేసేవారే, గడువు దాటేదాకా నాన్చేవారే. అంతలో నా ఫోను మోగింది. అందరికీ వినపడేలా పెట్టాను.

"తాబేలు కొండ మీదేనా అమ్మా?" ఎవరో భూముల బ్రోకరు, మాట ఉరుకుతోంది. "బానరు చూశాను. ఇంకెవరికీ మాటివ్వకండి. సమాధులు తీయించే ఖర్చు కూడా మాదే." అని ఒక అంకె చెప్పాడు.

తోలు కోటు వేసుకున్న మరిది, ఇంచన్ ఊళ్ళో ఉండేవాడు, గొంతు సవరించుకున్నాడు.

"పెదనాన్నా, అంత పలుకుతుందా?" అన్నాడు. "మరి తలా ఎంతొస్తుంది?"

చినమామగారు వెనక్కి తిరిగి తన వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశారు. అప్పటిదాకా నా మీద మండిపడ్డ కళ్ళన్నీ కొండ మీదికి తిరిగాయి. పెదాలు కదులుతున్నాయి, అందరూ మనసులో భాగహారాలు చేస్తున్నారు. నాకంటే వాళ్ళని చూసే ఆయన ఎక్కువ భయపడ్డారు.

"ముద్ర తెండి," అన్నారు. "తలుపులు వెయ్యండి. ఇప్పుడే తీర్మానం రాస్తున్నాం."

హెడ్మాస్టరు చేతిరాత కదా, ముత్యాల్లా రాశారు. తాబేలు కొండ ప్యో వంశం ఉమ్మడి ఆస్తి, ఏ ఒక్కరిదీ కాదు, పంచరాదు, అమ్మరాదు. కింద ఎర్రటి ముద్ర. నియమావళి నకలూ సభ్యుల జాబితా జత చేసి నా చేతికివ్వలేదు, మా ఆయన చేతికిచ్చారు. మా ఆయన ఈసారి ఒంటిచేత్తో తీసుకుని నాకిచ్చారు. నేను వెళ్ళి సూపు వడ్డించాను. ఉప్పెక్కువైందని ఎవరో గొణిగారు.

ఇంటికొచ్చేసరికి దసోల్ పనికి పోవడానికి ఆ మెరిసే చొక్కా తొడుక్కుంటోంది. కాగితాలు దాని ముందు పెట్టాను. నేను గెలిచానని ఒళ్ళంతా తేలిపోతోంది. దరఖాస్తు దాని పేరునే ఉంది కాబట్టి పంపాల్సింది అదే. ఫోనుతో ఒక్కొక్క పేజీ ఫోటో తీస్తూ, సభ్యుల జాబితా దగ్గర ఆగింది.

"నలభై ఆరు మంది," అంది. "ఒకటి, చినతాతయ్య. నాన్నది పంతొమ్మిది. ఇంచన్ బాబాయి కొడుకున్నాడుగా, పోయిన నెల పుట్టినోడు, వాడిది నలభై ఆరు."

"అయితే?"

"పెద్దత్త లేదు."

పెద్దత్త అంటే మా ఆయన అక్క. మా మామగారు మంచాన పడ్డ మూడేళ్ళూ ఆసుపత్రిలో దగ్గరుండి చూసుకున్నది ఆవిడే. దసోల్ వేలితో జాబితా పైనుంచి కిందిదాకా మళ్ళీ వెతికింది.

"నేనూ లేను. నువ్వెలాగూ ఉండవు. ఆడపిల్లలు కూడా వంశంలో సభ్యులేనని కోర్టు ఎప్పుడో చెప్పిందమ్మా, బడిలో చదివాం. వీళ్ళకి చెప్పలేదేమో."

ఆ కాగితం నేను పోట్లాడి తెచ్చింది. ఒక్క అక్షరం చదవకుండా, ముద్ర ఒకటి పడితే చాలని తెచ్చింది. అందులో నా కూతురు లేదు. పోయిన నెల పుట్టినవాడున్నాడు, నా కూతురు లేదు.

"ముందు పంపవే," అన్నాను. "గడువు దాటనివ్వకు. మిగతాది తర్వాత చూద్దాం."

అది నొక్కింది. వెళ్ళిపోయిందన్న గుర్తు వచ్చింది.

"బానే ఉందిలే," అంది నవ్వుతూ. "నేను వాళ్ళదాన్ని కాదని వాళ్ళే ముద్ర కొట్టిచ్చారు. అందుకే నాకు సాయం వస్తుంది." చొక్కా జిప్పు పైకి లాక్కుంటూ గుమ్మం దగ్గర ఆగింది. "ఒక్కటి చెప్పమ్మా. మనం అందులో లేనప్పుడు నువ్వెందుకు వాళ్ళకి వండుతావు?"

ఇరవై రెండేళ్ళు. ఏడాదికి ఐదుసార్లు. ఆ ప్రశ్న నాకెందుకు పుట్టలేదో నాకు తెలియదు. పొయ్యి ముందు నిలబడ్డవాళ్ళకి గుండిగ తప్ప ఇంకేం కనపడదేమో. దసోల్ వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి ఐదున కబురొచ్చింది. మూడో మెట్టు. ఫీజులో ముప్పాతిక పైగా సాయం, ఆరేళ్ళూ మార్కులు నిలబెట్టుకుంటే అంతే వస్తుంది. మిగతాది మా ఆయన బస్సు కంపెనీలో జీతం ముందుగా తీసుకుని కట్టారు. దసోల్ గిడ్డంగి చొక్కా ఉతికి, మడిచి, తిరిగి ఇచ్చేసింది.

చాంద్రమాన సంవత్సరాది ఇంకా నాలుగు రోజులుందనగా మా ఆయన ఫోను మోగింది. ఆయన ఎత్తి, "నమస్కారమండీ" అని, రెండు క్షణాలు విని, నావైపు చాపారు.

"మీరు మాట్లాడరా?"

"వంట సంగతట," అన్నారు. "నువ్వే చెప్పు."

చినమామగారి గొంతు చల్లగా, పెద్దమనిషి తరహాలో ఉంది.

"పెద్దింటి కోడలా, జరిగిందేదో జరిగిపోయింది. కడుపులో పెట్టుకోకూడదు. పండగ పూజకి ఈసారి ముప్పై ఐదు మందిమి వస్తున్నాం. చేపల అట్లు కాస్త ఎక్కువ వెయ్యి. కిందటిసారి మా వరసకొచ్చేసరికి అయిపోయాయి."

"వండేవాళ్ళ జాబితా మీ దగ్గరే ఉందండి."

"ఏం జాబితా?"

"మీరు ముద్ర కొట్టిచ్చిందే. నలభై ఆరు మంది ఉన్నారు, ముప్పై ఐదు మందికి వండడానికి ధారాళంగా సరిపోతారు."

"ఏం వాగుతున్నావు? నీకు మతి..."

"పైనుంచి వరసగా పిలుచుకురండి, చినమామగారూ. మొదటి పేరు మీదే. పంతొమ్మిదో పేరుకి మాత్రం కబురు చెయ్యక్కర్లేదు, ఇక్కడే నేల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు."